పెనాంగ్‌కు అర్జీ

సప్తగిరి సర్కిల్‌లో జిరాక్సు షాపు పైన, రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా
తన టిఫిన్ డబ్బా బరువు పెట్టినాడు ఏజెంటు పిల్లోడు.
"సార్, మీ పేరు గడుల్లో పట్టల్యా."
పెన్నోబులేసు.
మా యమ్మ పెన్నోబిలంలో మొక్కుకుని పెట్టిన పేరు,
ముందు పేరేది వెనక పేరేది అంటే ఏం జెప్పేది?
విరిచి రాయమన్నా. పెన్న ముందర, ఓబులేసు వెనక.
"పెన్న నుంచి పెనాంగ్‌కు రెండక్షరాలే దూరం సార్" అని నవ్వినాడు.

పింఛను ఆర్డరు. బ్యాంకులో కదలకూడని డబ్బు.
ఛాతీ ఎక్స్‌రే. నవ్వకుండా తీసిన ఫోటో.
వేలిముద్రలు మటుకు మూడుసార్లు పడలేదు.
ముప్పైయొక్క ఏండ్లు కొలగాజు తుడిచిన వేళ్లు,
మిషను అద్దానికి నేనెవరో తెలియలేదు.

నా పని ఏమంటే,
కళ్యాణదుర్గం తాలూకాఫీసు వెనకాల
ముళ్లకంచె లోపల ఒక గరాటు, ఒక సీసా.
పొద్దున ఎనిమిదిన్నరకి మూత తీసి
నిన్న రాని వానను కొలిచి రిజిస్టర్లో ఎక్కించేది.
సున్నా. సున్నా. సున్నా.
సున్నా గుండ్రంగా రాయడంలో నన్ను మించినోడు జిల్లాలో ల్యాడు.

చెల్లెలు ఎర్రితాతమ్మ అడిగింది,
"అరవైమూడేండ్లకి ఆడ ఏముందని పోతావన్నా?"
వాన అన్నా.
"ఈడ కొనుక్కోరాదా" అనింది,
ట్యాంకరు వచ్చే సందు దిక్కు చూస్తా.

ఆఖరి పుటలో ఒక గీత.
మా దేశంలో ఎందుకు ఉండాలనుకుంటున్నారు?
"ప్రశాంత వాతావరణం అని కొడదాం సార్, అందరూ అదే."
కొట్టినాడు. నేను ఊకున్నా.

ఆ గీత మీద పట్టనిది ఇది:
ఒక ఏడు, శెనక్కాయ ఊడలు దిగే పొద్దు,
వరసగా ముప్పై రోజులు వాన లేకుంటే
బీమా వస్తాదన్న ఏడు,
ఇరవైతొమ్మిది సున్నాలు రాసినా.
ముప్పయ్యో నాటి తెల్లారుజామున
మా ఆఫీసు రేకుల మీదికే వచ్చినట్టు ఒక జల్లు.
సీసాలో మూడు మిల్లీమీటర్లు.
కంచె అవతల పదైదు మంది, గుండ్లోళ్లపల్లోళ్లు.
చేలో పైరు అప్పటికే కాగితం మాదిరి గలగలమంటాంది.
ఎవరూ ఏమీ అడగలేదు.
అడిగింటే కసురుకునేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి.
ఊరికే నా చేతిలో గాజు దిక్కు చూసినారు.
పారబోసింటే మట్టి ఒక్క గుక్కలో తాగేసేది,
సాక్ష్యం కూడా మిగిలేది కాదు.
మూడు అని రాసినా.
నిజమే రాసినా.
ఆ మూడును కూడా గుండ్రంగానే రాసినా.

విచారణకు వచ్చిన కానిస్టేబులు చిన్నోడు.
చొక్కా మీద బిళ్ల: జి. కుళ్లాయప్ప.
ఏ ఊరప్పా అంటే చెప్పినాడు.
మంచినీళ్లు అడిగినాడు. ఇచ్చినా.
గ్లాసు వెలుతురుకు ఎత్తి, రవ్వంత సేపు
ఏ గీత దాకా ఉందో చూసినట్టు చూసి, తాగినాడు.
నాకట్లా తోచిందేమో.
'ఈయన మీద ఎట్లాంటి కేసులూ లేవు' అని రాసి
సంతకం పెట్టి, బండెక్కి పోయినాడు.

ఆ పత్రమే ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంది.
పెనాంగ్‌లో దినమూ సాయంత్రం వానంట.
కొలిచే పని ఇంకెవరిదో.
ఎన్ని మిల్లీమీటర్లు పడినా
ఎవరి కంచమూ బోర్లపడని వాన కింద
చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవాల.
అంతే.

ఇరవై దినాల్లో మెసేజ్ వస్తాదన్నాడు పిల్లోడు.
ఈ పొద్దుకు ఇరవైతొమ్మిది.
ఫోను కవరు మూత తీసి చూస్తాండా,
పొద్దున్నే, ఎనిమిదిన్నరకి.